దారి వదిలిన నిప్పు

ఆరోరా బాలాజీ గుడిలో హోమం జరుగుతుండగా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మెల్లగా అడిగారు. "ఏమమ్మా, నువ్విక్కడి గడ్డిబయళ్లకు నిప్పు పెట్టేవాళ్లతో పోతున్నావంట. అందులో పురుగూ పుట్రా ఎన్ని ఉంటాయి! ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది?" తప్పుపట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. పూర్ణాహుతి లోపల చెప్పి ముగించే సంగతి కాదది. ఆవిడకూ, అదే మాట మనసులో ఉండి మొహమాటానికి ఊరుకున్న మనవాళ్లకూ ఈ జవాబు.

మాది నల్లమల అంచున ఆత్మకూరు వైపు పల్లె. ఇల్లినాయ్‌లో ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక మా కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వులో వాలంటీరుగా చేరాను. మొదట విత్తనాలు ఏరాను, తర్వాత కలుపు తీశాను, ఆ తర్వాత శిక్షణ తీసుకుని మంట పనిలోకి వచ్చాను. ఏటా రెండు కాలాల్లో బర్న్ చేస్తారు. ఉగాదికి కాస్త అటూ ఇటూగా ఒకటి, కార్తీకంలో చలి ముదిరే వేళ ఇంకొకటి. అప్పటికి గడ్డి ఎండి ఉంటుంది, పక్షులు గూళ్లలో గుడ్లు పెట్టి ఉండవు.

పనికి ముందు రాసిపెట్టిన ప్రణాళిక ఉండాలి, రాష్ట్ర పర్యావరణ సంస్థ అనుమతి ఉండాలి. 2007లో ఇల్లినాయ్ దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. గాలి ఎటు వీస్తోంది, తేమ ఎంత, పొగ ఎవరి ఇళ్ల మీదికి పోతుంది, ఈ మూడూ కుదరకపోతే అందరం తయారై నిలబడ్డాక కూడా తిరిగి వచ్చేస్తాం. కుదిరితే, ఒకరు డ్రిప్ టార్చ్ పట్టుకుంటారు. అందులోని డీజిలూ పెట్రోలూ కలిపిన నూనె వత్తి మీదుగా మండుతూ చుక్కలు చుక్కలుగా నేలకు రాలుతుంది. మిగతావాళ్లం వీపున నీళ్ల పంపులు, చేతుల్లో పొడుగాటి కర్రకు రబ్బరు పలక బిగించిన ఫ్లాపర్లు పట్టుకుని మంట దాటిపోకుండా గట్టు కాస్తాం. ముందు గాలి పోయే చివరన అంటిస్తారు. అక్కడ మంట గాలికి ఎదురు నడవాలి కాబట్టి మోకాలెత్తున, మెల్లగా పాకుతుంది. అది కాల్చిన నల్లపట్టీ వెడల్పయ్యాకనే గాలి వచ్చే వైపు నిప్పు పెడతారు. ఈ రెండో మంట ఇంటికప్పు ఎత్తున లేచి పరుగెత్తుకొచ్చి, నల్లపట్టీ దగ్గర తినడానికి ఏమీ లేక ఆరిపోతుంది. మొదటిసారి టార్చ్ నా చేతికిచ్చి వంచమన్నప్పుడు, నాకు తెలియకుండానే నోట్లోంచి 'స్వాహా' అని వచ్చింది.

ఇంత శ్రమ దేనికో చెప్పాలి. ఇల్లినాయ్‌లో ఒకప్పుడు 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీ ఉండేది. మనిషెత్తు గడ్డి, దాని మధ్య వందల రకాల పూలమొక్కలు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఇదే రాష్ట్రంలోని గ్రాండ్ డిటూర్ ఊళ్లో ఉక్కు నాగలి చేశాడు. జిగురుమట్టి అంటకుండా జారిపోయే ఆ నాగళ్లతో రైతులు బయలంతా దున్నేశారు. చెడకుండా మిగిలింది సుమారు 2,500 ఎకరాలు, అంటే దాదాపు తొమ్మిదివేల ఎకరాల్లో ఒక్క ఎకరం. అది కూడా పాత శ్మశానాల మూలల్లో, రైలుకట్టల పక్కన, నాగలి పోని రాళ్లనేలల్లో.

ఆ మిగిలిన తునకలకైనా, మళ్లీ విత్తి పెంచిన బయళ్లకైనా, ఊరికే కంచె వేసి వదిలేస్తే బతుకు లేదు. ఇక్కడ పడే వాన చెట్లు కమ్ముకోవడానికి సరిపోతుంది. అయినా వేల ఏళ్లు గడ్డి నిలిచిందంటే దానికి ముఖ్యకారణం మంట. పిడుగులు కొంత పెట్టాయి, ఎక్కువ భాగం ఇక్కడి ఆదివాసులే పెట్టారు. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి వేళ్లు ఎనిమిది పదడుగుల లోతుకు దిగుతాయి, దాని చిగురు పుట్టే చోటు మట్టి కింద ఉంటుంది. పైన మంట దాటిపోతుంటే రెండంగుళాల లోతులో మట్టికి సెగ తగిలిందో లేదో అన్నట్టుంటుంది. యూరప్ నుంచి వచ్చిన కెంటకీ బ్లూగ్రాస్ లాంటివి మాత్రం మంచు కరగగానే పచ్చబడతాయి. అందుకే వసంతపు మంట వాటికి సరిగ్గా లేత వయసులో తగులుతుంది.

ఇక బక్‌థార్న్ సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో ఇళ్ల చుట్టూ కంచెగా పెంచడానికి యూరప్ నుంచి తెచ్చారు. దాని నల్లటి పళ్లు తిని పక్షులు అడవంతా విత్తనం చల్లాయి. అన్నిటికంటే ముందు ఆకు వేస్తుంది, అన్నిటికంటే ఆలస్యంగా రాలుస్తుంది. ఆ నీడ కింద ఏదీ మొలవదు. మొలకగా ఉన్నప్పుడు మంటకు చస్తుంది. పెద్దదైతే కాలినా మొదట్లోంచి మళ్లీ చిగురు వేస్తుంది, అప్పుడు నరికి మోడుకు మందు పూయాలి. అన్ని కలుపులకూ నిప్పే మందనుకుంటే దెబ్బతింటాం. స్వీట్ క్లోవర్ గింజలకు మంట తగిలితే ఎక్కువ మొలుస్తాయి. దాన్ని వదిలించుకోవాలంటే ఒక ఏడు కాల్చి మొలిపించి, మరుసటి ఏడు అది పెరుగుతున్న మే నెలలో మళ్లీ కాల్చాలి. ఎప్పుడు పెట్టాలో తెలియని నిప్పు ఆ నేలకు మేలు చేయదు.

ఈ సంగతి ఆధునికులకు తెలిసింది ఈమధ్యనే. 1930లలో మాడిసన్‌లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు పాడుబడ్డ పొలంలో ప్రెయిరీ మళ్లీ నాటారు. అల్డో లియోపోల్డ్ ఆ పనికి పెద్దదిక్కుల్లో ఒకడు. నాటినవాటిని పరాయి గడ్డి మింగేస్తుంటే, 1940లలో అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ కర్టిస్ మంట పెట్టి పరీక్షించి చూశాడు. ప్రెయిరీ మొక్కలు లేచాయి, బ్లూగ్రాస్ తగ్గింది. ఆ లియోపోల్డ్ 1948 ఏప్రిల్‌లో పొరుగు రైతు పొలంలో అంటుకున్న గడ్డిమంట ఆర్పబోయి, అక్కడే గుండె ఆగి చనిపోయాడు. గట్టు మీద నిలబడినప్పుడల్లా ఆయన నాకు గుర్తుకొస్తాడు. నిప్పు విలువ అంతగా తెలిసిన మనిషినీ అది మినహాయించలేదు.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకు వస్తాను. చస్తాయి. అందులో దాపరికం లేదు. ఎలుకలు చాలావరకు బొరియల్లోకి దూరతాయి, పాములు చలికి ఇంకా నేలలోపలే ఉంటాయి. కానీ వేడిగా ఉన్న రోజున ముందే బయటికొచ్చిన తాబేలు మంటను దాటి పోలేదు. పొగ చూసి ఎర్రతోక డేగలు వచ్చి, పారిపోయే ఎలుకలను తన్నుకుపోతాయి. కంటికి ఆననివి ఇంకా ఎక్కువ. రీగల్ ఫ్రిటిలరీ అని నారింజ, నలుపు రెక్కల సీతాకోకచిలుక ఒకటుంది. ఈ రాష్ట్రంలో ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. దాని గొంగళి ఆకురాలు కాలంలో గుడ్డులోంచి వచ్చి, ఏమీ తినకుండా, ఎండుగడ్డి కింద చలికాలమంతా గడుపుతుంది. వసంతంలో వయొలెట్ మొక్క చిగిర్చాక దాని ఆకు ఒక్కటే తింటుంది. మార్చిలో మేం పెట్టే మంటకు అది ఎగరలేదు, పరుగెత్తలేదు. అయితే ఆ వయొలెట్లు బతకాలంటే బయలు తెరిపిగా ఉండాలి, తెరిపిగా ఉండాలంటే కాల్చాలి. దాని తిండిని కాపాడే నిప్పే దాన్ని చంపుతుంది.

మా జేజి పొయ్యి ముట్టించే ముందు ప్రతి కట్టెనూ నేలకేసి తట్టేది. చీమలుంటే రాలిపోవాలని. తట్టినా కొన్ని ఉండేవి, అది జేజికీ తెలుసు. మన ధర్మశాస్త్రాలు గృహస్థుడి ఇంట్లో అయిదు వధ్యస్థానాలు ఉన్నాయని చెప్పాయి: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వాటిని పంచసూనలన్నారు. వంట చేసుకుని బతికే ప్రతివాడి చేతా రోజూ హింస జరుగుతుందని ఒప్పుకుని, దానికి బదులుగా రోజూ చేయాల్సిన అయిదు యజ్ఞాలు నిర్ణయించారు. నాకు ఇందులో గొప్పగా కనిపించేది ఆ ఒప్పుకోలు. బతకడం కోసం చేసింది కాబట్టి పాపం లేదని అనలేదు, పాపం ఉంది కాబట్టి పొయ్యి మానెయ్యమనీ అనలేదు. అప్పు ఉంది, రోజూ తీర్చమన్నారు.

జైనుల లెక్క ఇంకా కఠినం. అగ్ని కూడా జీవమే అంటారు వాళ్లు. వెలిగించినా హింసే, ఆర్పినా హింసే. ఆ మాట మొదట విన్నప్పుడు ఆచరణకు అందదనుకున్నాను. ఈ దేశచరిత్ర చూశాక దాని బరువు తెలిసింది. 1935లో అమెరికా అటవీశాఖ ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం పది గంటలకల్లా ఆర్పేయాలని నియమం పెట్టుకుంది. 1944 నుంచి స్మోకీ బేర్ అనే ఎలుగుబంటి బొమ్మ పిల్లలకు మంటంటే భయం నేర్పింది. ఆర్పడమంటే ఏమీ చేయకపోవడం అని అందరూ అనుకున్నారు. ఆర్పిన చోట చెట్లూ పొదలూ కమ్ముకున్నాయి, వాటి నీడలో గడ్డీ పూలూ పోయాయి, వాటినే నమ్ముకున్న పురుగులు పోయాయి. ఆ చావులకు మంట లేదు, పొగ లేదు, చూసినవాళ్లు లేరు. నిప్పు పెట్టనివాడికి పాపం అంటదనే మాట నేను ఒప్పుకోలేను.

అశోకుడు తన అయిదో స్తంభశాసనంలో జీవాలున్న పొట్టును కాల్చడం నిషేధించాడు. అడవుల విషయంలో మాత్రం కారణం లేకుండానో, జీవులను చంపడానికో తగలబెట్టకూడదన్నాడు. కళింగ యుద్ధం తర్వాత హింసకు అంత భయపడ్డ రాజు కూడా అడవి మంట దగ్గర కారణం అనే వాకిలి తెరిచి ఉంచాడు. అంటే తేల్చాల్సింది కారణం నిజమైనదా, సాకా అన్నది.

ఇక్కడే నాకు ఖాండవదహనం అడ్డొస్తుంది. శ్వేతకి మహారాజు యాగాల్లో నెయ్యి తాగి తాగి అగ్నికి అజీర్తి చేసిందనీ, ఖాండవవనం తింటే తగ్గుతుందనీ ఆదిపర్వం కథ. కారణం దేవుడిదే, అడిగినవాడూ దేవుడే. అర్జునుడు బాణాలతో కప్పు కట్టి ఇంద్రుడి వానను ఆపాడు. ఇటు కృష్ణుడు, అటు అర్జునుడు నిలబడి పారిపోయే ప్రతి ప్రాణినీ మంటలోకి తోశారు. మిగిలింది ఆరుగురే: మయుడు, తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గక పక్షిపిల్లలు. చిన్నప్పుడు పురాణం చెప్పించుకుంటూ మయసభ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఆ కథలో నాకు కనిపించేది మూసేసిన దారులు. అశ్వసేనుడు కర్ణుడి బాణంలో చేరి అర్జునుడి తల కోసం వచ్చాడు. ఆ రోజు వనంలో లేక బతికిపోయిన తక్షకుడు అర్జునుడి మనుమడు పరీక్షిత్తును కాటేశాడు. శాపం శృంగిదే కావచ్చు, నా చూపు మాత్రం ఖాండవం వైపే పోతుంది. ఆ కాటుకు ప్రతిగా పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు సర్పయాగం చేశాడు, అది కూడా దారులు మూసిన నిప్పే. ఆస్తీకుడు వచ్చి అడ్డుపడేదాకా ఆగలేదు. నిప్పు పెట్టినందుకు కాదు, ఒక్క ప్రాణికీ దారి ఇవ్వనందుకు ఆ అప్పు తరాలు దాటిందని నా నమ్మకం.

దారి వదలాలా, మూయాలా అన్నది మా పనిలో ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న. రింగ్ ఫైర్ అని ఒక పద్ధతుంది. బయలు చుట్టూ నాలుగు వైపులా అంటిస్తే మంటలు నడిమికి ఎగబడి కలుసుకుని ఆరిపోతాయి. త్వరగా అవుతుంది, అంచులన్నీ ముందే కాలిపోతాయి కాబట్టి నిప్పు గట్టు దాటి ఊళ్లోకి పోదు, మనుషులకు క్షేమం. లోపలున్న జంతువుకు మాత్రం ఎటూ దారి లేదు. మంట పని నడిపించే మా బర్న్ బాస్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, దేవుడి మాట ఎప్పుడూ ఎత్తడు. ఆయన వీలైనంతవరకూ రింగ్ వద్దంటాడు. పని రెండు గంటలు ఎక్కువైనా ఒక వైపు తెరిచి ఉంచి కాల్పిస్తాడు. మంటకు ముందు తాబేళ్ల కోసం వరసగా నడిపించి గడ్డి వెతికిస్తాడు. ఒకే ఏడు బయలంతా కాల్చనివ్వడు. ఒక ముక్క కాలిస్తే పక్కముక్కలు వదిలేస్తాడు, కాలని చోట బతికిన గొంగళ్లే రెక్కలొచ్చాక కాలిన చోట మొలిచిన వయొలెట్ల దగ్గరికి వస్తాయని. ఖాండవంలో రెక్కలు రాని శార్ఙ్గక పిల్లల కోసం తండ్రి మందపాలుడు ముందే అగ్నిని వేడుకున్నాడు. ఈ గొంగళ్ల తరఫున వేడుకునేవాడెవడూ లేడు, మంట పెట్టే మేమే ఆ ముక్క వదలాలి. గాలి చెడి ఊరికి ప్రమాదమనిపించిన రోజున ఆయన రింగే పెట్టించాడు. నేనూ నిలబడి పెట్టాను. ఆ రోజుది చిన్న అప్పు కాదు.

నిప్పు పెట్టే హక్కు ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. ఈ ప్రాంతం పొటావటోమి, ఒజిబ్వే, ఒడావా జాతులది. మూడగ్నుల మండలి అని వాళ్ల కూటమికి పేరు, అందులో అగ్నిని కాపాడే బాధ్యత పొటావటోమిలది. 1833 షికాగో ఒప్పందంతో వాళ్లను మిసిసిపీకి పడమరగా వెళ్లగొట్టారు. వాళ్లతోపాటే ఏటేటా పెట్టే మంటా పోయింది. షాబెనే అనే పొటావటోమి నాయకుడికి అంతకుముందటి ఒప్పందం ప్రకారం డికాల్బ్ కౌంటీలో 1,280 ఎకరాలుండేవి. ఆయన కాన్సాస్‌లోని బంధువులను చూడబోయినప్పుడు 1849లో దాన్ని వేలం వేసేశారు. అందులో 130 ఎకరాలు 2024 ఏప్రిల్‌లో ఆ జాతికి తిరిగి దక్కాయి. మేం చట్టమనీ, శాస్త్రమనీ చేస్తున్నది వాళ్ల దగ్గర లాక్కున్న పని. ఈ మాట మా శిక్షణలో మొదటి పాఠంగా చెప్పాలని అడుగుతూనే ఉన్నాను.

మన దేశంలోనూ ఇదే జరిగింది. కర్ణాటక బిళిగిరి కొండల్లో సోలిగలు చలికాలం చివర ఎండాకులకు చిన్నమంట పెట్టేవారు. అభయారణ్యం చేశాక మంట నిషేధించారు. లంటానా అనే పరాయి పొద కొండలంతా అల్లుకుంది. మంట ఉన్నన్నాళ్లూ అది ఇంతగా లేదని సోలిగలు చెబితే, వినడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు లంటానా అంత దట్టంగా ఉన్నచోట నిప్పు పెడితే చిన్నమంటగా ఉండదు, కార్చిచ్చవుతుంది. మంటను ఆపడం వల్ల మంటే అసాధ్యమైపోయింది.

ఆ లంటానా అమెరికా ఖండం నుంచి మన నల్లమలకూ వచ్చింది. మేం ఆ నేల నుంచి ఇక్కడికి వచ్చాం. పరాయి మొక్కలంటూ బక్‌థార్న్ నరుకుతుంటే మా అబ్బాయి అడిగాడు, అమ్మా, మనమూ పరాయివాళ్లమే కదా అని. వాడికి చెప్పింది మీకూ చెబుతాను. చికోరీ, డాండిలయన్ కూడా సముద్రం దాటి వచ్చినవే. అవి తమ చోట తాము ఉంటాయి, వాటి జోలికి మేం ఎక్కువగా పోం. ఎక్కడ పుట్టిందన్నది కాదు మాకు కావలసింది, తన నీడలో ఇంకొకటి బతకనిస్తోందా అన్నది.

మంటను వ్యతిరేకించినవాళ్లను తక్కువచేసి మాట్లాడటం నాకు నచ్చదు. షికాగోలో వాలంటీర్ల ప్రెయిరీ పునరుద్ధరణ పని 1977లో స్టీవ్ ప్యాకర్డ్ అనే ఆయన బృందంతో మొదలై బాగా పెరిగాక, 1996లో ఇరుగుపొరుగు జనం ఎదురుతిరిగారు. చెట్లు నరుకుతున్నారు, మందు కొడుతున్నారు, కాలుస్తున్నారు అని. కుక్ కౌంటీ ఆ పనులన్నిటినీ ఆపేసింది. వాళ్లు తమ పిల్లలతో నడిచిన చెట్లనీడ కోసం కొట్లాడారు. అది బక్‌థార్న్ నీడే కావచ్చు, వాళ్ల ప్రేమ అబద్ధం కాదు. చెప్పకుండా, అడగకుండా నిప్పు పెడితే కారణం ఎంత మంచిదైనా అది పక్కవాడికి సాకుగానే కనిపిస్తుంది.

కాబట్టి అమ్మా, మీరడిగిన పాపం నిప్పు పెట్టిన మాదే. దాన్ని గుడిలో కడుక్కోలేను. కాలిన ముక్కలోకి వారం తిరక్కుండా వెళ్లి ఏం చచ్చాయో చూసి రాసిపెట్టుకోవడం, నల్లనేల మీద కిల్‌డీర్ పిట్ట గుడ్లు పెడితే అటు ఎవరూ అడుగుపెట్టకుండా జెండా పాతడం, చలికాలంలో గింజలు చల్లడం, ఇవే నేను తీర్చే వాయిదాలు. మొత్తం తీరుతుందని చెప్పలేను.

ఈ పొగ మీ ఇళ్ల మీదికీ వస్తుంది. మార్చి, ఏప్రిల్, నవంబరు నెలల్లో మీ దగ్గరి ప్రిజర్వు వాళ్ల బర్న్ కబురు వస్తే, ఆస్తమా ఉన్న పిల్లలనూ పెద్దవాళ్లనూ ఆ పూట కిటికీలు మూసి ఇంట్లో ఉంచండి. పొగ మీ పేట మీదికే పదేపదే తిరుగుతుంటే ఫోన్ చేసి అడగండి, అడిగే హక్కు మీకుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో శనివారం ఉదయాలు గడ్డిగింజలు ఏరడానికి మనుషులు చాలడం లేదు. టార్చ్ పట్టుకోనక్కర్లేదు, శిక్షణ అక్కర్లేదు, ఒక సంచీ చాలు. ఆరోరా, నేపర్‌విల్, షాంబర్గ్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు గుడికి వెళ్లేముందు రెండు గంటలు అటు వచ్చి వెళ్లండి.